పైఇంటి మూల

పోయిన నెల ఒక మధ్యాహ్నం ప్రొద్దుటూరులో మా ఇంటి తలుపు ఎవరో తట్టారు. నేను వెంటనే తీయలేదు. తట్టగానే తీసే అలవాటు నాకు ఏనాడూ లేదు. ముందు కిటికీ రెక్క సందులోంచి చెప్పులు చూస్తాను, తర్వాత చేతులు చూస్తాను, మొహం ఆఖరున. మా కోడలు దీనికి నవ్వుతుంది. నవ్వనీ. నేను మొదట లెక్కల టీచరుగా చేరిన ఊళ్లో తను రెండేళ్లు కాపురం చేసి ఉంటే తలుపుకు ఇంకో గడియ వేయించుకునేది. బయట నిలబడ్డ మనిషికి యాభై దాటి ఉంటాయి. చెప్పుల నిండా సున్నపు దుమ్ము, చేతిలో ప్లాస్టిక్ కవరు. "మేడం, నేను ఓబులేసును. జీపు డ్రైవరు కొడుకును" అన్నాడు. పేరు నేను మరిచిపోయింది కాదు. అయినా గడియ తీయకుండానే అడిగాను, ఏ బెంచీలో కూర్చునేవాడివని. అతను పకపకా నవ్వి, "కుడిపక్క మూడోది మేడం, కిటికీ కాడ. ఇంగా ఏమన్నా అడగాల్నా?" అన్నాడు. అప్పుడు తీశాను.

కవరులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. మడతల దగ్గర చిరిగిపోయి, అంచులు పసుపు రంగుకు తిరిగింది. విప్పగానే గుర్తుపట్టాను. తొమ్మిదో తరగతిలో ఓబులేసు గీసిన బొమ్మ. రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి, నాలుగు మూలల్లో నాలుగు అంకెలు. ఈ కాగితం కోసం ఒక పిల్లవాణ్ణి పట్టుకున్నారు, ఒక ముసలాయన కూడు పోయింది, నేను ఊరు విడిచాను. దీని సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, నా భర్తకు కూడా. చెప్పకపోవడానికి కారణం భయం అనుకునేదాన్ని. భయం కాదని ఈ మధ్యనే ఒప్పుకున్నాను.

ఆ ఊరు జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో కొంత లోపలికి ఉంటుంది. పేరు రాయను. ఊళ్లో రెండు పార్టీలు. ఒకదానికి పైఇంటాయన పెద్ద, రెండోదానికి కిందింటాయన. రాష్ట్రంలో ఏ జెండా గెలిస్తే వీళ్లలో ఒకరు ఆ జెండా కిందికి పోయేవారు, రెండో ఆయన వెంటనే ఎదురు జెండా పట్టుకునేవాడు. గోడల మీది గుర్తులు ఎన్నికకోసారి మారేవి, పగ మాత్రం మారేది కాదు. ఊరి నడుమ రెండు వీధులు కోసుకుంటాయి, ఒకటి పెద్దవీధి, రెండోది బండ్లబాట. నిలువూ అడ్డమూ కాదు, ఏటవాలుగా. ఆ కూడలిలో నాలుగు మూలలు. ఒక మూల నేను అద్దెకున్న గంగమ్మవ్వ ఇల్లు, దానికి సరిగ్గా ఎదురుమూల పైఇంటాయన ప్రహరీ గోడ, మిగతా రెండు మూలల్లో ఒకటి చావిడి, ఇంకొకటి అంగడి. పైఇంటి మూలలో వేపచెట్టు కింద దస్తగిరి అనే పెద్దాయన పొద్దంతా కుక్కిమంచం మీద కూర్చుని ఉండేవాడు. చూడటమే ఆయన పని. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఏ జీపు ఏ పక్కకు తిరిగింది. కిందింటి వాళ్ల పిల్లిని కూడా ఆ గోడ దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

గంగమ్మవ్వ ఏ పార్టీకీ చెందదు. గొర్రెలు మేపుకున్న కుటుంబం. మొగుడు పోయాక గొర్రెలు అమ్మేసి, ఇంట్లో ఒక గది అద్దెకిచ్చి బతికేది. ఇద్దరికీ చెందకపోవడం ఆ ఊళ్లో అన్నిటికంటే కష్టమైన పని, అది ఆమె బాగా నేర్చుకుంది. వాకిట్లో నిలబడి ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఎవరింట్లోనూ మజ్జిగ తాగేది కాదు, తాగితే రెండో ఇంట్లో కూడా తాగాలి. పడుకోబోయే ముందు గడప ముందర పొయ్యి బూడిద పలచగా చల్లి, పొద్దున లేచి దాని మీద ఎవరి అడుగులైనా ఉన్నాయేమోనని వంగి చూసేది. ఆ తర్వాతే కళ్లాపి. ఆ ఇంట్లో పొద్దున లేస్తే మొదట తడిసిన బూడిద వాసన, ఆ తర్వాత జొన్నరొట్టె కాలే వాసన, రోట్లో చెనిగ్గింజల ఊరిమిండి పచ్చడి నూరే వాసన. ఇప్పటికీ వాన చినుకు పడి బూడిద తడిస్తే నాకు ఆకలి, అనుమానం రెండూ ఒకేసారి పుడతాయి.

నేను దిగిన మొదటిరోజే అవ్వ ఒక పాఠం చెప్పింది. బస్సు దిగి వస్తూ ఎదురైన మనిషిని మర్యాదకు "యాడికప్పా?" అని అడిగాను. ఆ మనిషి జవాబు చెప్పలేదు సరికదా, వెనక్కి తిరిగి వేరే దారిలో పోయాడు. అవ్వ నన్ను లోపలికి లాగి, "ఈడ యాడికి పోతాండావని ఎవర్నీ అడగాకు పాపా. వచ్చినోన్ని యాణ్ణుంచి వస్తాండావని అడుగు, పోతాండేటోన్ని అడగాకు. పొయ్యే దావ తెలిసిందంటే ఆ దావలో ఎవరో కాసుకోనుంటారు" అంది. ఇంత స్పష్టంగా చెప్పినా నేను ఏం చేశానో చూడండి. బుద్ధి చెప్పేవారుంటారు గానీ తెచ్చిపెట్టేవారుండరు.

బడిలో పిల్లలు కూడా రెండు పార్టీలుగానే కూర్చునేవారు. ఎడమ వరస పైఇంటి వాళ్లది, కుడి వరస కిందింటి వాళ్లది. నడుమ మనిషి పట్టేంత సందు. పంతులు పడకుండా నడవడానికి ఆ సందు అనుకున్నాను మొదట్లో. ఖండన రేఖల పాఠం వచ్చింది. రెండు సరళరేఖలు ఒకచోట కోసుకుంటే నాలుగు కోణాలు వస్తాయి, ఎదురెదురు కోణాలు సమానం, వాటిని శీర్షాభిముఖ కోణాలు అంటారని బోర్డు మీద గీసి చెప్పాను. పక్క కోణాలు రెండూ కలిస్తే నూట ఎనభై అంటే తల ఊపారు. ఎదుటిది సమానం అనగానే ఒక్కడూ ఊపలేదు. కుడి వరసలోంచి ఓబులేసు లేచి, "ఎదురుమూలోళ్లు, మనం సమానమెట్ల అవుతాం మేడం?" అన్నాడు. ఎడమ వరస వాళ్లు కూడా ఆ ఒక్క విషయంలో అతనితో ఏకీభవించినట్టే కనిపించారు. నాకు నవ్వు వచ్చింది, కొంచెం పౌరుషమూ వచ్చింది. ఇరవై రెండేళ్ల వయసు. లెక్క తప్ప ప్రపంచంలో నమ్మదగినదేదీ లేదని నమ్మే వయసు.

మా నాన్న ప్రొద్దుటూరులో వడ్రంగి. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు చీర కొనివ్వలేదు, ఒక పనిముట్టు చేసిచ్చాడు. రెండు టేకు బద్దలు, నడుమ ఒక్క మేకు. కత్తెరలా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మా ఇంట్లో దాన్ని కత్తెరబద్ద అనేవాళ్లం. గోడ మూల ఎంత వాలు ఉందో కొలవాలంటే గోడ లోపలికి చొరబడలేం కదా. బద్దల ఒక కొస మూలను రెండు వైపులా కావలించుకునేట్టు ఆనిస్తే, మేకుకు ఇవతలి పక్క కూడా సరిగ్గా అంతే తెరుచుకుంటుంది. అక్కడ కోణమానిని పెట్టి చదువుకోవడమే. నాన్న ఏనాడూ సిద్ధాంతం చదవలేదు. "కండ్లు అబద్ధం చెప్తాయమ్మా, బద్ద చెప్పదు" అనేవాడు. ఆ బద్దను ఓబులేసు చేతికిచ్చి, ఆదివారం పోయి మన కూడలిలో గంగమ్మవ్వ ఇంటి మూల కొలవమన్నాను. ఒక్క మూల కొలిచి మిగతా మూడు లెక్క కట్టి రాయాలి. ఆ పాఠం పెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పైఇంటాయన జీపు ఆ కూడలిలో ఒక్కసారికి తిరగదు. మూల ఇరుకు, ఒకసారి వెనక్కి వచ్చి మళ్లీ తిరగాలి. ఆ నిమిషంపాటు జీపు నిలబడి ఉంటుంది, కాసుకుని ఉన్నవాళ్లకు అంత చాలు. ఊరంతటికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనరు. సరిగ్గా ఆ చోట, కిందింటాయన జీపు డ్రైవరు కొడుకు, చేతిలో ఏదో కొయ్య పట్టుకుని, కాగితం మీద గీతలు గీస్తూ, అంకెలు వేస్తూ పట్టుబడ్డాడు.

నాకు కబురు వచ్చేసరికి పిల్లవాణ్ణి పైఇంటి వాకిట్లో కూర్చోబెట్టి ఒక ఝాము అయింది. అవ్వ కొంగు బిగించి, "నేనూ వస్తా, ఆడోళ్లిద్దరు పోతే కొంచెం ఆలోచిస్తాడు" అని నా వెంట వచ్చింది. వాకిట్లో నాపబండల మీద ఓబులేసు మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని ఉన్నాడు. చెంప మీద వేళ్ల అచ్చులు ఉన్నాయి. అరుగు మీద పైఇంటాయన. నేను మీసాల మనిషిని ఊహించుకున్నాను గానీ, ఆయన సన్నగా, కళ్లద్దాలు పెట్టుకుని, పోస్టుమాస్టరులా ఉన్నాడు. మెల్లగా మాట్లాడాడు. అరిచే మనిషి అయితే నాకు ఇంత భయం వేసేది కాదు.

"అయ్యోరమ్మా, నువ్వే చెప్పినావంట గదా ఈ బొమ్మ గీయమని."

"అవునప్పా. పాఠం అది."

"పాఠమే అనుకుందాం. వీడు గంగమ్మ మూల ఒకటే కొలిచినా అంటాండాడు. మా మూలకు రాలేదంట. దస్తగిరి కూడా రానీలేదనే చెప్తాండాడు." కాగితం నా వైపు తిప్పాడు. "మరి మా మూలలో ఈ అరవై ఎవరు రాయించినారు? రాకుండా ఎట్ల తెలిసింది వీనికి?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన అనుమానం పిల్లవాడి మీద కాదు, తన ఇంటి మీద. తన మనుషుల్లో ఎవరో ఆ అంకె అవతలికి చేరవేశారని. రావడం తప్పు కాదు, రాకుండా తెలుసుకోవడం తప్పు. నేను నేర్పించిన పాఠమంతా అదే కదా. అక్కడికి వెళ్లకుండానే అక్కడి కోణం తెలుసుకోవడం.

అక్కడే బండ మీద కూర్చుని బద్ద తెరిచి చూపించాను. ఇటు ఎంత తెరిస్తే అటూ అంతే, ఇటు మూస్తే అటూ మూసుకుంటుంది. ఆయన వంగి రెండు మూడుసార్లు తన చేత్తో తెరిచి మూశాడు. "బద్ద సంగతి సరే. ఇది వీధి" అన్నాడు. ఆపై లేచాడు. "రా, మా మూల కూడా కొలుచు. అరవై వస్తే నీ పాఠం నిజం. పిల్లోన్ని నువ్వే తోడుకోని పో."

పది మంది వెంట రాగా ఆయన గోడ మూలకు పోయాం. దస్తగిరి మంచం జరిపి పక్కకు నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. నేను బద్దను మూలకు ఆనించాను. ఓబులేసు నా పక్కనే కోణమానిని పట్టుకున్నాడు. వంగి చదివాను. అరవై ఆరు. మళ్లీ ఆనించి చదివాను. అరవై ఆరే.

తల ఎత్తి గోడ పొడుగునా చూశాను. రోజూ చూసే గోడే. మూల దగ్గర సరిగ్గా మొదలై, పోను పోను బండ్లబాట మీదికి వాలిపోయింది. చివర బండి పోయే సందు సన్నబడిపోయింది. ఆయనో ఆయన తండ్రో వీధిని కొంత మింగి గోడ పెట్టుకున్నారు. వీధి తిన్నగా ఉంటే ఎదురు కోణాలు సమానం. వంకర గోడకు ఏ సిద్ధాంతం పనిచేస్తుంది? ఇప్పుడు అరవై ఆరు అంటే పాఠం అబద్ధమవుతుంది, పిల్లవాడు వీళ్ల చేతుల్లోనే ఉంటాడు. లేదా, ఈ గోడ వీధిలోకి వచ్చిందని పది మంది ముందు ఆయన మొహం మీద అనాలి. "అరవై" అన్నాను.

"సరిగ్గా అరవైయేనా?"

"సరిగ్గా."

ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను చాలాసేపు చూశాడు. పిల్లవాణ్ణి పంపేశాడు. కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చి అవ్వ పెట్టిన సంగటి గబగబా తిన్నాను. ఒక పిల్లవాణ్ణి కాపాడానని లోలోపల గర్వపడ్డాను.

వారం తిరగకుండానే వేపచెట్టు కింద మంచం ఖాళీ అయింది. దస్తగిరిని పని మాన్పించారని, పెండ్లాంతో సహా పెండ్లిమర్రి దగ్గర చెల్లెలి ఇంటికి పోయాడని అవ్వ చెప్పింది. ఆ వయసులో ఎవరి పంచన పడటమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎందుకని అడిగాను. అవ్వ నా మొహం కూడా చూడకుండా రొట్టె తడుతూనే అంది. "లెక్క సరిపోయింది గదా పాపా, అందుకే. ఆ అంకె తప్పయింటే పిల్లోడు ఊరికే రాసుకున్నాడులే అనుకునేటోడు. సరిగ్గా సరిపోయినాక, ఎవరో చెప్పినారనుకోడా? బద్దలూ గీతలూ ఆయప్ప నమ్ముతాడా? మూల కాడ కూచునేటోడు దస్తగిరి ఒకడే."

నిజం చెప్పి ఉంటే చాలు. అరవై ఆరు అని ఉంటే, కాగితం మీది అరవై ఎవరూ కొలిచి ఇచ్చింది కాదని అదే రుజువయ్యేది. పిల్లవాడూ బయటపడేవాడు, దస్తగిరీ బయటపడేవాడు. లెక్కల టీచర్నై ఉండి ఆ చిన్న తర్కం నాకు తట్టలేదు. చదువురాని అవ్వకు రొట్టె తడుతూ తట్టింది. ఎవరి నోటి ముందు కూడు నేను తీసేశానో తెలిసి కూడా, ఎదురుమూలకు ఇరవై అడుగులు నడిచి పోయి, అప్పా నేను అబద్ధం చెప్పాను అని అనలేకపోయాను. రోజూ బడికి పోతూ ఆ ఖాళీ చోటు వైపు చూడకుండా నడిచేదాన్ని. సంవత్సరం నిండకముందే పులివెందులకు బదిలీ పెట్టుకుని పోయాను. పోయేరోజు అవ్వ యాడికి అని అడగలేదు. నా పెట్టె మీద చెయ్యి వేసి, "జాగ్రత్తమ్మా" అంది, అంతే.

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా వేలమంది పిల్లలకు ఆ పాఠం చెప్పాను. ప్రతిసారీ బోర్డు మీద రెండు గీతలు గీయగానే మూల ఖాళీగా కనిపించేది. అప్పట్లో వీధి మూలకొక దస్తగిరి ఉండేవాడు. ఇప్పుడు మా వీధిలో స్తంభానికొక కెమెరా ఉంది, అందరూ అందరినీ ఫోనులో చూసుకుంటున్నారు, యాడికి పోతున్నామో ముందే లోకానికి చెప్పి మరీ పోతున్నారు. పిల్లలు ఒకే బెంచీ మీద కలిసి కూర్చుంటున్నారు, అది మాత్రం సంతోషమే. కానీ ఎవరి మాట మీద ఎవరికైనా నమ్మకం పెరిగిందా అంటే, నేను అనుమానమనే అంటాను.

ఓబులేసుకు కాఫీ ఇచ్చాను. తనకు ఇప్పుడు సొంత జేసీబీ ఉందని, వాళ్ల ఊరి రోడ్డు వెడల్పు చేసే పని తనకే దొరికిందని చెప్పాడు. పైఇంటాయన పోయి చాలా కాలమైంది, పిల్లలు ఎవరూ ఊళ్లో లేరు, ఇల్లు ఖాళీ చేశారు. సర్వేవాళ్లు వచ్చి ఆ గోడ వీధిలోకి ఉందని ఎర్ర గీత పెట్టారు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు బయట పడేసిన బీరువాలో ఈ కాగితం దొరికింది.

"ఆ మూల కాడ సరింగా చూడండి మేడం" అన్నాడు.

కళ్లద్దాలు తెచ్చుకుని చూశాను. పైఇంటి మూలలో ఓబులేసు రాసిన అరవై మీద అడ్డగీత ఉంది. పక్కన ముదురు పెన్సిలుతో, వణుకు లేని పెద్దవాళ్ల రాతలో, అరవై ఆరు. దాని కింద అరవై ఆరు. ఇంకో వరసలో మళ్లీ అరవై ఆరు.

"మీరు పులివెందులకు పోయినాక ఆయప్ప వడ్లాయనతో మీ బద్ద మాదిరిదే ఒకటి చేయించుకున్నాడంట. మూడు దినాలు, పొద్దున్నే ఎవరూ లేయకముందు, ఆయప్పే కొలుచుకున్నాడంట. నాలుగో దినం పెండ్లిమర్రికి జీపు పంపించి దస్తగిరి మామను తోడుకొచ్చినాడు. మామే చెప్పినాడు నాకు. మంచంలో కూచోబెట్టి, 'అయ్యోరమ్మ అబద్ధం చెప్పింది రా, నీ తప్పేం లే' అన్నాడంట. సచ్చేదాకా ఆ చెట్టు కిందే ఉన్నాడు మేడం, మామ."

నాకు ఏడుపు వచ్చింది. ఆ పెద్దాయన తిరిగి వచ్చాడన్న సంతోషంతో కొంత, సిగ్గుతో ఎక్కువ. నేను మనుషులను నమ్మని మనిషినని ఇన్నేళ్లు గొప్ప చెప్పుకున్నాను. ఆయన నా మాటను నమ్మలేదు గనకే మళ్లీ కొలిచాడు. మళ్లీ కొలిచాడు గనకే ఒక మనిషి కూడు తిరిగి వచ్చింది. నేను నా అబద్ధాన్ని ఒక్కసారీ తిరిగి కొలవలేదు. "మరి గోడ?" అని అడిగాను ముక్కు తుడుచుకుంటూ. ఓబులేసు నవ్వాడు. "గోడ యాడ సరిజేస్తాడు మేడం! మొన్న నేను కొట్టేదాకా అట్లే ఉండె."

అతను లేచాక గడప దగ్గర ఆపి, ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగాను. "ఆరోజు నువ్వు నా పక్కనే ఉన్నావు కదా. కోణమానిని మీద నువ్వు చూశావా?"

కాసేపు చెప్పులు వేసుకుంటున్నట్టు వంగి, తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు. "చూసినా మేడం. మీరు నాకోసమే చెప్తాండారని తెలిసె. నేనూ గమ్మునుంటి. దస్తగిరి మామ మూట నెత్తిన పెట్టుకోని మా ఇంటి ముందరే పోయినాడు. అప్పుడు కూడా గమ్మునుంటి."

అతను వీధి చివరిదాకా పోయేవరకు తలుపు తీసే ఉంచి నిలబడ్డాను. తర్వాత లోపలికి వచ్చి, కాగితం బల్ల మీద పరిచి, దిద్దే ఎర్ర పెన్ను వెతికి తీశాను. పైఇంటాయన రాసిన మూడు అంకెల కింద నేనూ రాసి సంతకం పెట్టాను. ఆ మూల అరవై ఆరు డిగ్రీలు. కొలిచింది నేనే, ఆరోజే.